చిరునామా తప్పిన మట్టి

నాన్న పట్టాదారు పాసుపుస్తకంలో భద్రంగా దాచుకున్న కాగితం ఒకటుంది: భూసార కార్డు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో వచ్చింది. ఉదజని సూచిక నుంచి బోరాన్ దాకా 12 అంశాలు. "మన మట్టి జాతకం రా" అనేవాడు.

తర్వాత తెలిసింది, నీటి వసతి ఉన్న భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒకటే నమూనా అని. ఆ ఆరెకరాల్లో మాది రెండు. గుంట తవ్వింది బాబాయి చేలో. పేరు నాన్నది, మట్టి బాబాయిది!

నాన్న కోప్పడలేదు. వేసవిలో గట్లూ, చెట్టునీడా, పెంటకుప్పా వదిలి, చేనంతా తిరిగి ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంటలు తీశాడు. మట్టంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి ఉంచుకుంటూ అరకిలోకి తెచ్చాడు. నీడన ఆరబెట్టి ఊళ్లో వ్యవసాయ సహాయకుడికి అప్పజెప్పాడు.

భాస్వరం ఎక్కువ, జింకు తక్కువ అని వచ్చింది. ఏటా అలవాటుగా చల్లిన డీఏపీయే జింకును వరికి అందనివ్వలేదట. ఆకుల మీద తుప్పు మచ్చల్ని తెగులనుకుని కొట్టిన మందుల ఖర్చు ఆ రాత్రి లెక్కేసుకున్నాడు. కావలసింది ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు, అదీ డీఏపీతో కలపకుండా.

పాత కార్డు మాత్రం పారెయ్యనివ్వడు. "అబద్ధం కాదురా అది. అడ్రసే తప్పు."