కమ్మరి దగ్గరికి వెళ్ళాలా, వద్దా?

ముందుగా ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడవుగా రాయడం టెన్త్ పరీక్ష తర్వాత ఇదే మొదటిసారి. ఒత్తులు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

రాసేది వీడియో గేమ్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గేమ్‌లో మన ఆయుధం దెబ్బని పెంచుకునే అవకాశం ఉండి, అది తప్పనిసరి కానప్పుడు, పెంచుకోవాలా వద్దా అని. ఇది కూడా ఒక సమస్యేనా అనుకుంటారేమో. దీనివల్ల మా తమ్ముడు నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు.

ఆట పేరు హాలో నైట్. ఆస్ట్రేలియాలో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం చేసింది, 2017లో వచ్చింది. మనం ఒక చిన్న పురుగు. చేతిలో నెయిల్. నెయిల్ అంటే మేకు, పురుగుకి మేకే కత్తి అన్నమాట. మొదట్లో దాని దెబ్బ 5. సిటీ ఆఫ్ టియర్స్ అనే ఊళ్ళో, అక్కడెప్పుడూ వాన పడుతూనే ఉంటుంది, ఒక కమ్మరి ఉంటాడు. అతను నాలుగుసార్లు పదును పెడతాడు: 9, 13, 17, చివరికి 21. మొదటిసారికి 250 జియో, అంటే ఆ లోకపు డబ్బు, ఇస్తే చాలు. తర్వాత నుంచి డబ్బుతో పాటు పేల్ ఓర్ అనే అరుదైన ఖనిజం కూడా వెతికి తేవాలి. వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనరు. పెట్టించకుండా పూర్తి చేసినందుకు ఆట బహుమతీ ఇవ్వదు.

బహుమతి ఆట ఇవ్వదు గానీ, ఫ్రెండ్స్ ఇస్తారు. మా గ్యాంగ్‌లో పదును పెట్టించనివాడే మొనగాడు. "అప్‌గ్రేడ్ చేశావా? అయితే ఆడినట్టే కాదు మావా" అంటారు.

మా ఇల్లు మద్దిలపాలెంలో, బస్ డిపోకి దగ్గర్లో ఒక సందులో. తమ్ముడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. పొద్దున్న వెళ్తే రాత్రికి వస్తాడు. వాడికి ఆడుకోడానికి దొరికేది ఆదివారం సాయంత్రం ఒక్క గంట. ఆ గంటలోనే నా లాప్‌టాప్‌లో, నా సెకండ్‌హ్యాండ్ కంట్రోలర్‌తో ఈ ఆట మొదలెట్టాడు. సోల్ మాస్టర్ అనే బాస్ దగ్గర ఆగిపోయాడు. అప్పుడు అడిగాడు: "అన్నయ్యా, కమ్మరికి 250 ఇస్తే పదును పెడతాడంట. పెట్టించనా?"

నేను కుర్చీలో వెనక్కి వాలి, "వద్దురా. నేను ఒక్కసారి కూడా పెట్టించకుండా మొత్తం ఆడేశాను. పెట్టిస్తే నీకు ఆట ఎప్పుడొస్తుంది?" అన్నాను.

అది అబద్ధం. నేను మూడుసార్లు పెట్టించాను. ఫ్రెండ్స్‌కీ అదే అబద్ధం చెప్పాను, కానీ వాళ్ళెవరూ దాన్ని నమ్మి నాలుగు ఆదివారాలు పోగొట్టుకోలేదు. వీడు పోగొట్టుకున్నాడు. చచ్చిపోవడం, బెంచి దగ్గర లేవడం, మళ్ళీ అంత దూరం నడిచి రావడం. ఐదో ఆదివారం లాప్‌టాప్ అడగలేదు. "ఏంరా, ఆడవా?" అంటే "బోర్ కొట్టింది" అన్నాడు. అమ్మ సంతోషించింది.

తర్వాత ఒక శుక్రవారం రాత్రి, ముందు ముందు ఏముంటుందో చూద్దామని నా సేవ్ ఫైల్ తెరిచాడు. ఇన్వెంటరీలో నెయిల్ పేరు కనిపిస్తుంది. పదును పెట్టించనిదైతే ఓల్డ్ నెయిల్ అని ఉండాలి. నాది కాయిల్డ్ నెయిల్. వాడు గొడవేమీ చేయలేదు. స్క్రీన్ నా వైపు తిప్పి పెట్టి, వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు సారీ చెప్పాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో చేసేదేం లేక, మనకొచ్చిన విద్యే కదా అని లెక్క వేశాను. ఒక బాస్‌కి 210 ప్రాణం ఉందనుకోండి. 5 చొప్పున కొడితే 42 దెబ్బలు కావాలి. 9 అయితే 24. 21 అయితే 10 చాలు. కొట్టాలంటే దగ్గరికి వెళ్ళాలి. పదిసార్లు వెళ్తే ఒకసారి మనకి తగులుతుందనుకుందాం. 42 సార్లకి నాలుగు పైనే తగులుతాయి. మొదట్లో మనకుండే ప్రాణం 5 మాస్కులు. అదే 24 సార్లయితే రెండో మూడో తగులుతాయి. నిజమే, మూడు దెబ్బలు కొడితే ఒక మాస్కు నింపుకునేంత సోల్ వస్తుంది, కాబట్టి ఎక్కువ దెబ్బలంటే ఎక్కువ వైద్యం కూడా. కానీ నింపుకోడానికి ఒకచోట నిలబడాలి. సోల్ మాస్టర్ నిలబడనిస్తాడా?

ఈ లెక్కలో నాకు కనిపించింది ఏంటంటే, రెండు కత్తులకీ ఆ "పదిలో ఒకటి" మారలేదు. తప్పించుకోవడం రానివాడికి పదును పెట్టినా రాదు. ప్రశ్నపత్రం సులువు అవ్వదు, పొట్టిదవుతుంది అంతే. ఆదివారం గంటే ఉన్నవాడికి మూడు గంటల పేపర్ ఇచ్చి, రాయలేకపోతే చేతకాదన్నాను నేను. నాకు రాత్రి రెండింటిదాకా ఖాళీ. నా పౌరుషం అంతా ఖాళీ టైమే.

అలాగని పెట్టించడమే కరెక్ట్ అని కూడా కాదు. నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్. ఏ షిఫ్టు నుంచి వచ్చి భోంచేస్తూ, "ఏటిరా, ఇద్దరూ మాటల్లేవా?" అని అడిగితే మొత్తం చెప్పాను. ఆట సంగతి ఎంత అర్థమైందో గానీ పానా గురించి చెప్పారు. బోల్టు బిగిసిపోతే పానాకి పైపు తగిలించి తిప్పుతారట. బలం రెట్టింపవుతుంది. కానీ బోల్టు వదులవుతోందో, తెగిపోబోతోందో చేతికి తెలీదట. "కొత్తోడికి పైపు ఇవ్వం. పాతోడు కూడా ఊరికే వెయ్యడు" అన్నారు.

అది నిజమని నాకు తెలుసు. 17 దెబ్బతో పాత చోట్లకి తిరిగి వెళ్తే, ఒకప్పుడు నన్ను వణికించినవి రెండు దెబ్బలకే పడిపోయేవి. వాటి కదలిక చూసే టైమే లేదు. ఏదో పోయినట్టు అనిపించింది. మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య క్యాసెట్ వీడియోగేమ్ రోజుల్లో కాంట్రా ఆడేవాడు. అందులో 'ఎస్' గన్ దొరికితే గుళ్ళు ఐదు వైపులా పోతాయి, కానీ చచ్చిపోతే గన్ కూడా పోతుంది. తీసుకున్నా భయం మిగిలేది. హాలో నైట్‌లో పదును పోదు, ఒకసారి పెడితే పెట్టినట్టే. అందుకే నాకైతే మొదటి పదును వెంటనే, మిగతావి ఓపిక ఎంతుందో చూసుకుని. పేపర్ ఎంత పొడవుంటే రాయబుద్ధవుతుందో అంత.

ఆ కమ్మరి కథ కూడా వింతగానే ఉంటుంది. (ఆడబోయేవాళ్ళు ఈ పేరా వదిలేయండి.) 21 దెబ్బ కత్తి తయారయ్యాక, ఇంక తనకి చేయాల్సిందేమీ లేదని, ఆ కత్తితోనే తనని చంపమని మనల్ని అడుగుతాడు. చంపకుండా వచ్చేస్తే, తర్వాత ఒక చిత్రకారుడి ఇంట్లో హాయిగా కనిపిస్తాడు. నేను నాలుగోసారి వెళ్ళలేదు కాబట్టి నా ఫైల్‌లో అతనింకా సమ్మెట కొడుతూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజు ఆదివారం. తమ్ముడు నన్ను అడక్కుండానే లాప్‌టాప్ తీశాడు. తన ఫైల్ తెరిచి, వానలో నడిచి కమ్మరి గుడిసెలోకి వెళ్ళి 250 ఇచ్చాడు. నేను మంచం మీద పుస్తకం పట్టుకుని పేజీ తిప్పకుండా చూస్తున్నాను.

రెండుసార్లు చచ్చాడు. మూడోసారి సోల్ మాస్టర్ పడిపోయాడు. వాడు కంట్రోలర్ పక్కన పెట్టి, చెయ్యి దులుపుకుని, నీళ్ళ బాటిల్ అందుకున్నాడు. ఆ బాస్ ఉత్తుత్తినే చస్తాడని, మళ్ళీ లేచొచ్చి కింద గాజు నేల పగలగొడతాడని నాకు తెలుసు. వాడెప్పుడూ అంత దూరం రాలేదు. చెప్పాలా? చెప్పలేదు.

వాడు నీళ్ళు తాగి, కంట్రోలర్ తీసుకుని, నాలుగు అడుగులు వేశాడు. గాజు పగిలింది.

"అన్నయ్యా! చెప్పొచ్చు కదా!"

రెండు మాస్కులే ఉన్నాయి, పది సెకన్లలో పోయాయి. లోపల్నుంచి అమ్మ అన్నానికి పిలుస్తోంది. "ఇంకొక్కసారి అమ్మా" అని, "జరుగు" అంటూ నా పక్కకొచ్చి కూర్చున్నాడు.