బురానాలో రాతి మనుషులు

మీ పిల్లలెవరైనా కిర్గిజ్‌స్తాన్‌లో డాక్టరు చదువుతున్నారా? అయితే ఈ నాలుగు ముక్కలు మీకోసమే. బిష్కెక్‌లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. మా అమ్మాయిని చూడటానికి వెళ్ళినప్పుడు, ఓ ఆదివారం మమ్మల్ని బురానా తీసుకెళ్ళింది. దాదాపు 80 కిలోమీటర్లు. తోక్‌మోక్ ఊరు దాటాక పొలాలు, దక్షిణాన మంచుకొండలు, మధ్యలో ఒంటరిగా ఓ ఇటుకల గోపురం. 11వ శతాబ్దంలో ఇక్కడ బాలాసగూన్ అనే పట్నం ఉండేదట. అప్పట్లో గోపురం 45 మీటర్ల ఎత్తు. భూకంపాలకి కూలి సగం మిగిలితే 1970ల్లో బాగుచేశారు. లోపల మెట్లు ఇరుకు, చీకటి. మావారు ఎక్కారు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసుగా, కిందే ఉండిపోయాను.

ఉండిపోవడమే మంచిదైంది లెండి. పక్కనే గడ్డిలో రాతి మనుషులు! బల్బల్‌లు అంటారు. 6 నుంచి 10వ శతాబ్దాల మధ్య, గుర్రాలతో మందలతో తిరిగే తుర్కు తెగలవాళ్ళు పోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టినవట. కనుబొమలూ ముక్కూ కలిపి ఒకే గీత, కింద మీసాలు. కుడిచేత్తో గుండెల దగ్గర చిన్న గిన్నె, ఎడమచెయ్యి నడుముపట్టీ మీదో కత్తి మీదో. కాళ్ళుండవు. తమ పేరున పెట్టే విందులో వాళ్ళూ కూర్చున్నట్టు ఆ గిన్నె అని కొందరు పండితులంటారు. చూయ్ లోయలో ఎక్కడెక్కడివో తెచ్చి ఇక్కడ పాతారు కాబట్టి, ఏది ఎవరి రాయో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

మా అమ్మ నా ఆరో ఏట పోయింది. ఒక్క ఫోటో లేదు. ముక్కు మాత్రం నాదేనని మా పిన్ని అంటుంది, అంతే. ఒక్కో రాతి మొహం దగ్గరా ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

"అమ్మా, ఇటు చూడు" అంది అమ్మాయి. మామూలుగా ఫోటో అంటే జుట్టు బాలేదనో చీర బాలేదనో తప్పుకుంటాను. ఆవేళ తప్పుకోలేదు. చీర మీద మావారి స్వెట్టరు, తలకి మఫ్లరు, అలాగే తీయించుకున్నాను.

అన్నట్టు, అక్కడే పాత తిరగలి రాళ్ళు కూడా వరసగా పెట్టారు. అవి ఎవరివో నన్నెవరూ అడగక్కర్లేదు, ఏ ఇల్లాలివో! వెళ్ళేవాళ్ళు ఉన్నిబట్టలు మర్చిపోకండి, గాలి చంపేస్తుంది. తోక్‌మోక్‌లో సంసాలని అమ్ముతారు, మన సమోసాలే అనుకుని కొనేరు, లోపల మాంసం ఉంటుంది. మేం పులిహోర కట్టుకెళ్ళాం.