పాయింట్లు

“మీకు పనికొస్తే పాయింట్లు ఇవ్వగలరు.” 2006, 2007 ప్రాంతాల్లో శాప్ సాఫ్ట్‌వేరు మీద పనిచేసిన వాళ్ళకి ఈ వాక్యం గుర్తుండే ఉంటుంది. జవాబు అడుగున సంతకంలాగా ఇంగ్లీషులో ఈ ముక్క కనిపించిందంటే, రాసింది మనవాడేనని సగం రూఢి అయినట్టే.

ఆ జర్మన్ కంపెనీ 2003లో ఎస్‌డీఎన్ అని ఒక ఆన్‌లైన్ వేదిక పెట్టింది. తన సాఫ్ట్‌వేరు కొన్నవాళ్ళూ, దాన్ని నడిపేవాళ్ళూ అక్కడ ఒకరినొకరు అడిగి తెలుసుకోవచ్చు. మంచి జవాబుకి అడిగినవారు పాయింట్లు ఇచ్చేవారు. సమస్య తీరితే పది. డబ్బు కాదు, పేరు పక్కన ఒక అంకె, అంతే.

సీబ్‌లో కూర్చున్న మాకు అదెంత అవసరమో తెలియాలంటే ఇక్కడి క్యాలెండరు గురించి చెప్పాలి. 2013 మే దాకా ఒమాన్‌లో వారాంతం గురు, శుక్రవారాలు. శనివారం మాకు వారంలో మొదటి పనిదినం, యూరప్‌కి సెలవు. ఆ పూట ఏదైనా ఆగిపోతే దిక్కు హైదరాబాదే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు చేసిన కుర్రాళ్ళు ఏ వేళప్పుడైనా మేలుకునే ఉండేవారు.

ఒక శనివారం నెలాఖరు లెక్కల మధ్య, గోడౌన్‌కి వచ్చిన సరుకు సిస్టమ్‌లోకి ఎక్కనని మొరాయించింది. ప్రశ్న పెట్టిన ఇరవై నిమిషాల్లో ఒకబ్బాయి, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో వివరంగా రాశాడు. పని జరిగింది. వెనకాలే ఈమెయిలు: “అన్నా, మీ పేరు చూసి తెలుగువాళ్ళని రాస్తున్నా. ఆ పది పాయింట్లు ఇవాళే ఇస్తారా? సోమవారం ఇంటర్వ్యూ ఉంది.”

కోర్సు అయి ఎనిమిది నెలలట. నిజమైన కంపెనీ సిస్టమ్‌ని ఒక్కసారీ చూడలేదు. మాలాంటి వాళ్ళ అవస్థలు చదివి, ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ మీద చేసి చూసుకుని, జవాబు రాసేవాడు. ఆ పాయింట్ల లెక్క రెజ్యూమే మొదటి పేజీలోనే ఉంది. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఆ గోడకి అతను వేసుకున్న కన్నం అది.

మరి కంపెనీకేం మిగిలింది? శనివారాలతో సహా, ప్రపంచమంతటా జీతం లేని సహాయకులు. ‘ఊరికే చాకిరీ’ అని ఒక మిత్రుడు విసుక్కునేవాడు. నేనలా అనుకోను. ఆ అబ్బాయికి దక్కింది తక్కువేం కాదు. కాని, అంకె కోసమే రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. పక్కవాడి జవాబు ఎత్తుకొచ్చి అతికించడం, స్నేహితుడే అడిగి స్నేహితుడికే పాయింట్లివ్వడం (మనవాళ్ళ తెలివికేం!). చివరికి పాయింట్లు అడగడమే తప్పని నిబంధన వచ్చింది. అయినా పని తెలిసినవాళ్ళు నిలిచారంటే, కంపెనీ ఇంజనీర్లు కూడా సొంత పేర్లతో వచ్చి మాట్లాడేవారు కనక.

డెల్ సంగతీ అంతే. 2005లో జెఫ్ జార్విస్ అనే పాత్రికేయుడు ఆ కంపెనీ సర్వీసుని ఇంటర్నెట్‌లో ఉతికి ఆరేశాడు. 2007 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఐడియాస్టార్మ్ తెరిచి, ఏం కావాలో చెప్పమంది. లైనక్స్ కావాలన్నారు జనం. మే నెలకల్లా ఉబుంటు వేసిన కంప్యూటర్లు అమ్మకానికొచ్చాయి. మూడు నెలలు! అడిగినవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ మధ్య సీబ్‌లో ఒక వ్యాపార సంస్థ మేనేజరు గారు, “మా కస్టమర్లకి ఆన్‌లైన్‌లో ఒక సబ్లా కట్టిపెట్టండి” అన్నారు. సబ్లా అంటే ఇక్కడి రచ్చబండ. కహ్వా, ఖర్జూరం పెట్టి, క్షేమసమాచారాలు అడిగాకే అసలు మాట. వాళ్ళ వెబ్‌సైటులో ‘మీ అభిప్రాయం’ అన్న పెట్టె అప్పటికే ఉంది. తెరిచి చూస్తే పద్నాలుగు నెలల ఉత్తరాలు, ఒక్కదానికీ జవాబు లేదు. ముందు వీటికి జవాబు రాయడానికి అరబ్బీ, ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు మనుషుల్ని పెట్టమని, వాళ్ళ జీతాల లెక్కతో సహా రాసిచ్చాను.

ఆయన ఆ కాగితాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుని, “సరే గాని, పాయింట్లు పెట్టడానికి ఎంతవుతుంది?” అని అడిగారు.