లీవు చూసి ముహూర్తం: మిలటరీ మాధవరంలో

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే ఉంది. ఆ యుద్ధానికి మనుషుల్ని పంపిన మాధవరం కూడా అదే మండలంలో ఉంది. చుట్టుపక్కల ఎవరినడిగినా ‘మిలటరీ మాధవరమా?’ అని దారి చూపిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని ఊళ్లో లెక్క చెబుతారు. పదిహేడో శతాబ్దంలో పూసపాటి మాధవవర్మ పక్కనే ఆరుగొలనులో కోట కట్టి, ఉత్తరాంధ్ర నుంచి సైనికుల్ని రప్పించి ఇక్కడ నిలిపాడని, ఊరికి ఆయన పేరే వచ్చిందని పెద్దలు చెప్పుకొచ్చారు.

అమరవీరుల స్తూపం దగ్గర దండం పెట్టుకుని వీధుల్లోకి నడిచాను. యుద్ధాల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. యుద్ధానికి పంపి వెనక ఉండిపోయిన వాళ్ల సంగతి ఇళ్లలోనే వినాలి.

సుబేదారుగా రిటైరైన ఒకాయన ఇంట్లో ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. గోడ మీద దేవుడి పటాల వరుసలోనే మామగారు, భర్త, కొడుకు యూనిఫాంలో ఉన్నారు. “కాపరానికొచ్చిన ఏడాదికే డెబ్బై ఒకటి యుద్ధం వచ్చిందండి. పోస్టుమేన్ సైకిలు వీధి మలుపు తిరిగితే ఆడవాళ్లమంతా అరుగుల మీదికొచ్చేసేవాళ్లం. ఉత్తరమైతే పండగే. టెలిగ్రామంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడేవి కావు” అన్నారు. ఆ రోజుల్లోనే ఆమె గ్రామదేవతకు మొక్కుకున్నారు. మనిషి క్షేమంగా వస్తే చీర పెడతానని, కోడిని కోస్తానని. ఆయన వచ్చారు, మొక్కు తీరింది. లీవు అయిపోయి ఆయన రైలెక్కగానే మళ్లీ మొక్కు. భర్త ఆర్మీ నంబరు ఆమెకు నేటికీ నోటికి వచ్చు. రామాలయంలో అర్చనకు గోత్రం, పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు.

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. ఈ ఊరి కుటుంబ జీవితం ఆ రోజుల్లోనే ఇమడాలి. పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి, బిడ్డ అన్నప్రాసన, పుట్టువెంట్రుకలు, గృహప్రవేశం, అన్నీ లీవు ఖాయమయ్యాకే. పంతులుగారు పంచాంగం తీసేముందు లీవు ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని అడుగుతారట. పీస్ స్టేషన్‌లో పోస్టింగు పడితే క్వార్టర్ దొరికి భార్యాబిడ్డలు వెంట వెళ్తారు. ఫీల్డుకు వేస్తే అందరూ మళ్లీ అత్తగారింటికే.

ఇంటి నుంచి తీసుకెళ్లిన భక్తి పటాలంలో ఏమవుతుందో మద్రాసు రెజిమెంటులో పనిచేసి వచ్చిన ఒక హవల్దారు చెప్పారు. 1758లో మొదలైన ఆ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్ కేంద్రం. దాని ఆదర్శవాక్యం భగవద్గీత మూడో అధ్యాయంలోది. శిక్షణ ముగిశాక కసమ్ పరేడ్‌లో ధర్మగురువుల ఎదుట, పవిత్ర గ్రంథం సాక్షిగా కుర్రాళ్లు ప్రమాణం చేస్తారు. ఆదివారం మందిర్ పరేడ్ ఉంటుంది. చాలా యూనిట్లలో అన్ని మతాల వాళ్లకూ ఒకే కప్పు కింద సర్వధర్మ స్థలం ఉంటుంది. “మా బ్యారక్‌లో తమిళులు, మలయాళీలు, మనవాళ్లు. క్రిస్మస్‌కు నేను కొవ్వొత్తి వెలిగించేవాణ్ణి, వినాయక చవితికి జోసఫ్ భాయ్ ఉండ్రాళ్లు చుట్టేవాడు. పక్కవాడు బతికితేనే మనం బతికేదండి, వాడి దేవుడు పరాయివాడెలా అవుతాడు?” అన్నారాయన. మతసామరస్యం గురించి విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఆ మాట నాకు బలంగా తాకింది.

ఆ వీధిలోనే ఉన్న ఒక కోడలి భర్త ఇప్పుడు సరిహద్దులో ఉన్నాడు. ఉత్తరాల కాలం పోయి వీడియో కాల్ వచ్చింది కదా, భయం తగ్గిందా అని అడిగాను. తగ్గలేదంది. ఉత్తరం ఆలస్యమైతే దారిలో ఉందనుకునేవారు. ఫోను మూగబోతే పోస్టు మీద సిగ్నల్ లేదో, ఇంకేమైనా అయిందో తెలియదు. ఆ రాత్రుళ్లు దీపం కొండెక్కకుండా చూసుకుంటుంది. తెల్లారి పిల్లల్ని బడికి తయారుచేస్తుంది. భయం పోతుందని కాదు, భయంతోనే ఇంటిపని నడవాలని ఆ దీపం. విశ్వాసం అంటే ధీమా అనుకునే నాకు, అది రోజూ చేసే కష్టమని ఈ ఇళ్లలో అర్థమైంది.

ఇప్పుడు ఊరికి కొత్త దిగులు. పదిహేనేళ్ల సర్వీసుకు వచ్చే పింఛనుతోనే ఇక్కడ పిల్లలు చదివారు, పెంకుటిళ్లు డాబాలయ్యాయి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత కొనసాగేది నూటికి 25 మంది వరకే. మిగతావాళ్లు సేవానిధి పేరుతో ఇచ్చే మొత్తం తీసుకుని ఇంటికి రావాలి, పింఛను ఉండదు. అయినా కుర్రాళ్లు సైన్యంలో చేరడానికి చేసే రన్నింగు మానలేదు. సుబేదారుగారి మనవడూ వాళ్లలో ఉన్నాడు. పంపిస్తారా అని నాయనమ్మను అడిగాను. “వద్దంటే ఆగుతాడాండి? వెళ్లనివ్వండి. మొక్కేదాన్ని నేనున్నాను” అన్నారు.

ఆమె మొక్కు మీద నాకు అనుమానం లేదు. అనుమానమల్లా మన మీదే. ఈ ఇళ్లవాళ్లు దేవతకు మొక్కింది ఎన్నడూ బాకీ పెట్టలేదు. బిడ్డను పంపిన ఇంటిని చూసుకుంటామని దేశం కూడా ఒక మాట ఇచ్చింది. నాలుగేళ్లకు తిరిగొచ్చే కుర్రాడికీ, వాడి కోసం దీపం పెట్టిన ఆడవాళ్లకూ ఆ మాట చెల్లించాల్సింది మనం.