చెరకు కాంటా - ఇంగ్లీషు గ్రామర్

మాది బోధన్ ప్రాంతంలో చెరకు రైతు కుటుంబం. కాంటా దగ్గర తూకమే మా ఏడాది బతుకు. నిజామాబాద్ హాస్టల్లో పాసివ్ వాయిస్‌ను నేను చెరకుతోనే గుర్తుపెట్టుకున్నాను: 'కేన్ మస్ట్ ఆల్వేస్ బీ ప్రాపర్లీ వెయిడ్.' ఎప్పుడో చెప్పే 'ఆల్వేస్' మస్ట్ పక్కన, ఎలాగో చెప్పే 'ప్రాపర్లీ' వెయిడ్ ముందు. తెలుగులో 'చెరకును ఎప్పుడూ సరిగ్గా తూచాలి' అంటే చాలు, 'తూచబడాలి' అనక్కర్లేదు.

2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరివాళ్లు నాచేత దరఖాస్తు రాయించారు. 'ఫ్యాక్టరీ షుడ్ సూన్ బీ రీఓపెన్డ్' అన్నాను. గ్రామర్ సరిగ్గానే ఉంది. కానీ తెరవాల్సింది ఎవరు? చివర 'బై ద గవర్నమెంట్' చేర్చాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అడ్వర్బును దాని చోట పెట్టండి. పని ఎవరు చేయాలో కూడా తప్పక రాయండి.