మన్నుకు తోడు పెట్టే ఊరు

చిన్నాయనా,

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, దారి పొడుగునా చూసినవన్నీ స్నేహితుడికి జాబులుగా రాశాడని, నన్నూ అట్లే రాయమని నువ్వు ఎప్పుడూ చెబుతుంటావు. గుళ్లూ గోపురాల సంగతి అందరూ రాస్తారు, నువ్వు చేలు చూసి రాయి అన్నావు కదా. ఈ జాబు నిండా చేలే.

తమిళనాడులో ధర్మపురి నుంచి హొగెనకల్ జలపాతం 46 కిలోమీటర్లు. ఆ దారిలోనే పెన్నాగరం. కావేరి చూడడానికి వచ్చేవాళ్లు ఇక్కడ టీ తాగి ముందుకు పోతారు. నేను దిగిపోయాను. 1965 దాకా ఈ ప్రాంతమంతా సేలం జిల్లాలో ఉండేది. ఇక్కడా, కృష్ణగిరి, హోసూరు వైపూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నాకు బస ఇచ్చిన ఇల్లు అలాంటిదే. ఆ ఇంటి అవ్వ "కాళ్లు కడుక్కుని రా నాయనా" అని పిలిచి సంగటి ముద్ద, ఉలవచారు పెట్టింది. మన మదనపల్లె పక్కనుంచి వచ్చానని తెలిశాక ముద్ద మీద ఇంకో ముద్ద పడింది.

నేల కూడా మన నేలే అనుకో. ఎర్ర గరుసు. వాన పడితే నీళ్లు నిలవవు, ఎండ కాస్తే పెళ్లలు కడుతుంది. చింత, రాగి, సామ, ఉలవ, వేరుశనగ పండుతాయి. కావేరి ఇంత దగ్గర్లో పారుతున్నా లోయలో పారుతుంది, ఈ మెట్ట చేలకు ఎక్కదు. ఇక్కడి భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువని హొగెనకల్ నుంచి తాగునీరు గొట్టాల్లో తెచ్చారు, 2013 నుంచి అది నడుస్తోంది. సాగుకు మాత్రం వానా, బావీ, బోరే.

ఇలాంటి చోట అవ్వ పెరటి వంకాయ చెట్టు నా నడుము దాటి పెరిగింది. దాని మొదట్లో మన్ను వేలితో తవ్వి చూశాను. వేలు రెండో కణుపు దాకా సులువుగా దిగింది. గట్టు అవతల అదే నేలలో గోరు కూడా దిగలేదు. ఇవతలి మన్ను నల్లగా, పొడిపొడిగా ఉంది, అందులో వానపాము విసర్జించిన చిన్న చిన్న ఉండలు కనిపించాయి. "ఇది దేవుడిచ్చిన మన్ను కాదు, నేను కలిపిన మన్ను" అంది అవ్వ.

ఎట్లా కలుపుతారో దగ్గరుండి చూశాను. ఎర్రమన్ను రెండు పాళ్లు, ఎండిన చెరువు ఒండ్రు ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పాదుకు గుప్పెడు వేప చెక్క పొడి, కొంచెం కట్టె బూడిద. ఎర్రమన్నులో గాలి ఆడుతుంది గానీ తేమ ఆగదు. ఒండ్రులో బంక ఎక్కువ, తేమ పట్టుకుంటుంది గానీ ఒక్కదాన్నే వేస్తే బీటలు వారి వేళ్లను తెంపుతుంది. రెండూ కలిస్తేనే పని. కలిపిన మన్నును తడిపి గుప్పిట్లో నొక్కుతుంది అవ్వ. ముద్ద కట్టాలి, బొటనవేలితో పొడిస్తే రాలిపోవాలి. ముద్ద కట్టకపోతే ఇంకాస్త ఒండ్రు, పొడిచినా విరగకపోతే ఇంకాస్త ఎరువు. తూకం, కొలత ఏమీ లేవు, ఆ బొటనవేలే.

ఎరువు మాగిందో లేదో చూసే తీరు ఇంకా బాగుంది. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెడుతుంది. లోపల వేడి తగిలితే ఇంకా కాలేదు. పేడ రూపం ఎక్కడా కనపడకూడదు, వాసన తొలకరి వాన పడ్డప్పటి మన్ను వాసన రావాలి. పచ్చి పేడ, పచ్చి ఆకు వేస్తే ఏమవుతుందో మనకు తెలిసిందే. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే తీసుకుని మొక్కను పస్తు పెడతాయి, ఆకు పసుపుబారుతుంది. నత్రజని ఒక పాలైతే కర్బనం పాతిక, ముప్పై పాళ్లు ఉండేలా ఎండుగడ్డీ పచ్చాకూ పేడా కలిపి కుప్ప వేస్తే త్వరగా మాగుతుంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇందోరులో మన రైతులను చూసి నేర్చుకుని, లోకానికి చెప్పింది ఈ పద్ధతే. 1940లో ఆయన రాసిన పుస్తకంతో విదేశాల్లో సేంద్రియ సేద్యానికి ఊపు వచ్చింది.

ఇక పొలాల సంగతి. రాగి కోసి కళ్లం అయ్యాక ఇక్కడ గొర్రెల మందను చేలో కట్టిస్తారు. రాత్రంతా మంద చేలో పడుకుంటుంది, పెంటికా మూత్రమూ అక్కడే. మర్నాడు మంద జరుగుతుంది. బండి కట్టే పని లేదు, మోసే పని లేదు. మన పక్కా మా తాత కాలంలో మంద కట్టించుకోవడానికి రైతులు కాపరులకు ధాన్యం ఇచ్చేవారని నువ్వే చెప్పావు. ఇక్కడ ఆ బేరం ఇంకా బతికుంది.

వెంపలి చెట్టు మనకు బీళ్లలో ఊరికే పెరిగే కలుపు. ఇక్కడివాళ్లు దాన్ని విత్తుతారు. నేను ఒక మొక్కను వేళ్లతో పెరికి చూశాను. వేరు పొడుగునా ఆవగింజంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిపితే లోపల గులాబి రంగు. ఆ రంగు ఉంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి వేరుకు అందిస్తున్నట్టు. పూతకు రాగానే కలిపి దున్నేస్తారు. వెంపలితో పాటు జనుము, అలసంద, పెసర, నువ్వు, ఆముదం, జొన్న, ఏది దొరికితే అది కలిపి చల్లే రైతులూ ఉన్నారు. యాభై, అరవై రోజులకు దున్ని నేలలో కలిపేస్తారు. మన ఆంధ్రలో నవధాన్యాలు చల్లే పద్ధతికి ఇది తోబుట్టువే.

ఈ కలగాపులగపు విత్తు తమిళనాడులో ఊరూరా పాకడానికి ఒక ముఖ్య కారణం నమ్మాళ్వార్. 1938లో తంజావూరు జిల్లాలో పుట్టి, వ్యవసాయం చదివి, కోవిల్‌పట్టి ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం చేసి, రసాయనాల సేద్యం మెట్ట రైతుకు మేలు చేయదని వదిలేసి వచ్చాడు. కరూరు జిల్లాలో వానగం అనే పొలం పెట్టి నేర్పాడు. 2013 డిసెంబరు 30న పోయాడు. ఆ గడ్డం, ఆ పచ్చ తలపాగా బొమ్మ ఇక్కడ విత్తనాల సంచుల మీద కూడా కనబడుతుంది. ఆయన దారిలో నడిచేవాళ్లు నేర్పే సులువైన ద్రావణం ఒకటుంది, అముద కరైసల్. పది లీటర్ల నీళ్లు, కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, పావు కిలో బెల్లం. ఒక్క రోజు నానబెట్టి, ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి చల్లడమే.

పెద్ద పని పంచగవ్యది. ఈరోడు జిల్లా కొడుముడిలో డాక్టర్ కె. నటరాజన్ అనే వైద్యుడు మనుషులకు తెలిసిన పంచగవ్యాన్ని పైరుకు పట్టించి, కొలతలు కట్టి ప్రచారం చేశాడు. తర్వాత కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లూ పరీక్షించి రాశారు. ఏడు కిలోల పేడలో కిలో నెయ్యి కలిపి మూడు రోజులు ఉంచాలి. ఆపైన పది లీటర్ల మూత్రం, పది లీటర్ల నీళ్లు పోసి పదిహేను రోజులు. తర్వాత మూడు లీటర్ల పాలు, రెండు లీటర్ల పెరుగు, మూడు లీటర్ల కొబ్బరి నీళ్లు, మూడు కిలోల బెల్లం, పన్నెండు మాగిన అరటిపళ్లు. నెలకు సిద్ధం. నీడన, గుడ్డ కట్టిన పీపాలో పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. నేను తిప్పాను. పైన తెట్టులా నురగ లేస్తుంది, బుడగలు చిటచిటమంటాయి. వాసన మాత్రం కుళ్లు కాదు, పుల్లబెట్టిన పండు వాసన. కుళ్లు వాసన వచ్చిందంటే తిప్పడం మానేశారని అర్థం. వంద లీటర్ల నీళ్లకు మూడు లీటర్లే కలపాలి.

ఇక్కడ బెల్లం గురించి ఒక మాట. ఈ సీమను ఏలిన అతియమాన్ వంశపు పూర్వీకులే తమిళదేశానికి చెరకు తెచ్చారని పాత తమిళ పద్యాల సంకలనం పురనానూరులో ఉంది. ఆ చెరకు బెల్లం ఇవాళ పీపాల్లోని సూక్ష్మజీవులకు తిండి.

అన్నిటికంటే వింత చేపల రసం. హొగెనకల్ ఒడ్డున కావేరి చేపలు కోసి, మసాలా పట్టించి వేయించి అమ్ముతారు. తలలు, పేగులు, పొలుసులు మిగులుతాయి. అవ్వ కొడుకు వాటిని డబ్బాకెత్తి బండి మీద తెస్తాడు. ఎంత బరువుంటే అంత బెల్లం పొడి కలిపి మూత బిగించి మూడు వారాలు పైగా ఉంచుతాడు. బెల్లం చేపలోని నీటిని లాగేస్తుంది, మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలవుతాయి. తీసి చూపించాడు. తేనె రంగులో చిక్కగా ఉంది, నీచు వాసన దాదాపు లేదు. లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్లు చాలు. కొరియాలో చో హాన్ క్యు చెప్పిన సహజ సేద్యంలో ఇది ప్రసిద్ధం. కానీ మన దేశంలో దీనికి ఇంకా పాత చుట్టం ఉంది. సురపాలుడు రాసిన పాత గ్రంథం వృక్షాయుర్వేదంలో మాంసం, చేపలు ఉడికించి పులియబెట్టే కుణపజలం ఉంది. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో దొరికితే, నళినీ సాధలే అనువదించగా 1996లో అచ్చు వేసింది సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్.

ఇంత చెప్పి ఒక లెక్క చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టే. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన పాలేకర్ చెప్పే జీవామృతమే తీసుకో. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మన్ను గుప్పెడు. అందులో నత్రజని అంతా కలిపినా అర కిలో ఉండదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంటుంది. టన్ను పశువుల ఎరువులో సుమారు అయిదు కిలోలు. పీపా ఒక్కదాన్ని నమ్ముకుని టమోటా వేస్తే పైరు ఆకలితో చస్తుంది. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఆయన సేద్యాన్ని తప్పుబట్టినప్పుడు లేచిన పేచీలో ఇదీ ఒకటి. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ చేయిస్తున్న ప్రకృతి సేద్యంలో నిలబడిన రైతులను చూడు, వాళ్లెవరూ ఒక్క ద్రావణంతో ఆగలేదు. నేల మీద ఆచ్ఛాదన, నవధాన్యాలు, ఘనజీవామృతం అన్నీ ఉంటాయి.

నాకు పెన్నాగరంలో అర్థమైంది ఇదే. పీపాలో ఉన్నది తోడు. మందా, వెంపలీ, ఒండ్రూ, మాగిన ఎరువూ పాలు. పాలే లేని గిన్నెలో ఎంత తోడు వేసినా పెరుగు కాదు. పట్నంలో సీసాల్లో పోసి అమ్మే ద్రావణాలు కొని మోసపోయేవాళ్లు ఈ పాల సంగతి అడగరు. నెయ్యి, పాలు పోసి పంచగవ్యం చేయడం కూడా ఆవు ఇంట్లో ఉన్నవాళ్లకే గిట్టుబాటు. లేనివాళ్లకు అముద కరైసలే మేలు. ఇంకోటి, పేడ నీళ్లు ఏవైనా ఆకుకూరల మీద కోతకు ముందు చల్లకూడదు. అవ్వ కూడా పాదులోనే పోస్తుంది, ఆకు మీద పోయదు. రోగం తెచ్చే క్రిములు పచ్చిగా తినే ఆకు మీద ఉండిపోతాయి.

మన్నునే మందు చేసిన మన తెలుగు రైతు చింతల వెంకట్ రెడ్డి సంగతి నీకు తెలుసు. హైదరాబాదు అల్వాల్‌లో లోపలి మన్ను తవ్వి తీసి పైమన్నుతో కలిపి పైరుకు బలం ఇచ్చాడు, 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ మాట చెబితే అవ్వ ఆశ్చర్యపోలేదు. "బావి తవ్విన మన్ను పడ్డ చోట గుమ్మడి ఎట్లా కాస్తుందో నువ్వు చూడలేదా?" అంది.

నీ పొలం గురించి ఆలోచించాను చిన్నాయనా. ఉన్నపళంగా యూరియా బస్తాలు మానొద్దు. బావి పక్క అర ఎకరం విడిగా పెట్టు. వేసవిలో చెరువు ఎండగానే ఒండ్రు తోలించు, ఎరువు కుప్పను చింతచెట్టు నీడకు మార్చు, తొలకరికి వెంపలీ జనుమూ అలసందా కలిపి చల్లు. విత్తడానికి ముందే ఆ అర ఎకరం మన్ను పరీక్షకు పంపు. సేంద్రియ కర్బనం అర శాతానికి తక్కువ వస్తే తక్కువ కిందే లెక్క. ఆ కాగితం దాచిపెట్టు, మూడేళ్లకు మళ్లీ పంపుదాం. ఇక్కడి వెంపలి విత్తనాలు రెండు శేర్లు మూట కట్టించాను, పండక్కి వచ్చేటప్పుడు తెస్తాను.

పిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పు.