నాలుగింటి టీకి నలుగురు

"ఏదో సింపుల్‌గా కానిచ్చేద్దాంలే" అనే మాట మన ఇళ్లలో ఎవరి నోటి నుంచి వస్తుందో ఎప్పుడైనా గమనించారా? చాలావరకు, ఆ పని చెయ్యనివాళ్ల నోటి నుంచే. సాయంత్రం నలుగురు వస్తున్నారు, టీ, దాంతోపాటు కాస్త ఏదైనా అంటారు. ఆ 'కాస్త'లో ఏమేం ఉన్నాయో చూడండి. శెనగపిండి జల్లించాలి. మిరపకాయలు చీల్చి, గింజలు తీసి, వాము ఉప్పు కూరాలి. బాండీలో నూనె కాగాలి. వాయి తర్వాత వాయి తియ్యాలి. వేడి తగ్గకముందే ముందుగదిలోకి పంపాలి. ఖాళీ ప్లేటు వెనక్కి రాగానే మళ్లీ నింపాలి. తినేవాళ్లకి మాత్రం అది నిజంగానే సింపుల్: ప్లేట్లో నాలుగు బజ్జీలు, చేతిలో టీ కప్పు.

జనవరి నెలాఖరున మా అమ్మ రిటైరయింది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకి పైగా సైన్సు చెప్పి, 62 నిండాక దిగింది. స్కూల్లో శాలువా, దండ, ఉపన్యాసాలు, ఫోటో ఆల్బమ్ అన్నీ అయ్యాయి. ఆ తర్వాత, ఉద్యోగంలో వేర్వేరు చోట్ల తనతో పనిచేసిన నలుగురు స్నేహితురాళ్లని ఇంటికి పిలవాలనుకుంది. లెక్కల మేడమ్, హిందీ మేడమ్, సోషల్ మేడమ్, పీఈటీ మేడమ్. విజయవాడలో మా ఇంటికి, ఆదివారం నాలుగింటికి, టీకి. హైదరాబాద్ నుంచి నేను శుక్రవారం రాత్రికి వచ్చేస్తాను, మెనూ నేను రాస్తాను అని ఫోన్‌లోనే చెప్పాను. అప్పటికే అమ్మ దగ్గర ఒక మెనూ ఉంది. మిరపకాయ బజ్జీలు, పునుగులు, అల్లం పచ్చడి, కేసరి, టీ.

నా మెనూకి ఒకటే షరతు. నాలుగు దాటాక పొయ్యి మీద టీ గిన్నె తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఈ షరతు నా బుర్రలోకి ఇంగ్లీషువాళ్ల ఆఫ్టర్‌నూన్ టీ గురించి చదువుతున్నప్పుడు వచ్చింది. ఆ అలవాటుకి 1840ల ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా ఆద్యురాలని చెబుతారు. మధ్యాహ్నం తిన్న కాస్త భోజనానికీ, పొద్దుపోయాక చేసే డిన్నరుకీ మధ్య కడుపులో పడే ఖాళీ అందుకు కారణమట. నాకు ఆసక్తి కలిగించింది డచెస్ ఆకలి కాదు, ఆ బల్ల మీద ఉండే వస్తువులు. శాండ్‌విచ్‌లు, కేకులు, బిస్కట్లు. ఎక్కువభాగం ముందే చేసిపెట్టుకోగలిగినవే. ఇంటావిడ అతిథులతో కూర్చుని, తన చేత్తోనే కప్పుల్లోకి టీ వంచుతుంది. అంతకుమించి లేవక్కర్లేదు.

అలాగని ఆ శాండ్‌విచ్‌లు ఆవిడ చేసిందీ కాదు. ఆస్కార్ వైల్డ్ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' 1895లో మొదటిసారి ఆడారు. అందులో ఆల్జర్నన్ అనే కుర్రాడు వాళ్ల అత్తగారి లాంటి ఆంటీ కోసం చేయించిన కీరా శాండ్‌విచ్‌లన్నీ తనే తినేస్తాడు. తీరా ఆవిడొచ్చేసరికి ప్లేటు ఖాళీ. అప్పుడు లేన్ అనే నౌకరు, ముఖంలో ఏ మార్పూ లేకుండా, మార్కెట్లో కీరాలే దొరకలేదండీ అని అబద్ధమాడతాడు. అందరూ నవ్వుకునే సన్నివేశమది. కానీ శాండ్‌విచ్ చేసిందీ అతనే, అవి లేకపోతే సంజాయిషీ చెప్పాల్సిందీ అతనే. చల్లటి తిండి వల్ల పని మాయమవదు. నాలుగింటి నుంచి పొద్దుటికో, ముందురోజుకో జరుగుతుంది, అంతే. ఆ జరగడమే నాకు కావలసింది. ఆ ఒక్క గంటా అమ్మ సోఫాలో ఉండాలి.

మనకి ఆఫ్టర్‌నూన్ టీ పార్టీలు లేవనుకోకండి. పెళ్లిచూపులున్నాయి. స్వీటు, హాటు, టీ. ముందుగదిలో కూర్చున్నవాళ్లు, ట్రే పట్టుకుని వచ్చే అమ్మాయి, తెర వెనక చెమటలు కక్కుతూ అట్లకాడ పట్టుకున్న తల్లి. ఎవరు కూర్చోవాలో, ఎవరు నడవాలో, ఎవరు కనపడకూడదో ఆ మెనూలోనే రాసుంటుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు, మన మర్యాదకి కొలత వేడి. "వేడివేడిగా తినండి", "చల్లారిపోతోంది, కబుర్లు తర్వాత" అంటాం. చల్లారినవి పెట్టడమంటే మీకోసం మేం ఎదురుచూడలేదని చెప్పడమే. వేడిగా ఉన్న ప్రతి బజ్జీ వెనకా ఆ క్షణంలో ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఆ నిలబడటాన్నే మనం ఆప్యాయత అంటాం. అమ్మకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

"చల్లటి రొట్టెముక్కలు పెడితే ఏమనుకుంటారే? కూతురు అంత దూరం నుంచొచ్చి ఇదా చేసిందీ అనుకోరూ?"

"వాళ్లొచ్చేది నిన్ను చూడ్డానికమ్మా, బజ్జీల్ని కాదు."

"బజ్జీల్లో నేను లేనా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఇప్పటికీ లేదు. ముప్పై ఏళ్లలో ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఆ బజ్జీల గురించే చెప్పారు. అవి ఆవిడ చేతి సంతకం. వంటింటి నుంచి విముక్తి చేస్తున్నానని చెప్పి ఆ సంతకాన్ని చెరిపేస్తే అది ఇంకోరకం పెత్తనం అవుతుంది. అందుకని బేరాలాడుకున్నాం. బజ్జీలు, పునుగులు పోయాయి. కేసరి స్థానంలో సున్నుండలు వచ్చాయి. శుక్రవారం రాత్రి నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి డబ్బా నిండా పప్పుచెక్కలు వేగి ఉన్నాయి. "నీ షరతు ఆదివారం నాలుగు తర్వాత కదా, ఇవి శుక్రవారం సరుకు" అంది అమ్మ. సైన్స్ టీచర్‌తో వాదన పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

చివరికి తేలిన మెనూ ఇది. ఆరుగురికి సరిపోతుంది.

సున్నుండలు శనివారం పొద్దున. రెండు గ్లాసుల పొట్టు మినప్పప్పు సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పిండి పట్టి, గ్లాసున్నర బెల్లం తురుము కలిపి, నెయ్యి కరిగించి పోసి చుట్టాం. నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత. వచ్చే నలుగురిలో ఇద్దరికి షుగరుంది. పెద్ద ఉండ చూస్తే వద్దనేస్తారు, చిన్నది కనపడితే ఒకటి తీసుకుంటారు.

పావుకిలో నాటు శెనగలు శనివారం రాత్రి నానబోసి, ఆదివారం పొద్దున ఉప్పేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువతో తాలింపు. పైన కొబ్బరి తురుము, నిమ్మరసం. గుగ్గిళ్లకి చల్లారాయన్న చెడ్డపేరు ఎప్పుడూ లేదు. షుగరున్నవాళ్లు ధైర్యంగా తినొచ్చు.

కీరా శాండ్‌విచ్‌లు మూడున్నరకి. కీరాలో ఉండేదంతా నీళ్లే. అలాగే పెడితే పావుగంటలో రొట్టె ముద్దయిపోతుంది. పల్చగా తరిగి, ఉప్పు చల్లి, పావుగంట ఉంచి, గుడ్డలో వేసి పిండాలి. రొట్టెకి అంచులదాకా వెన్న రాయాలి. ఆ వెన్న పొర నీటిని లోపలికి వెళ్లనివ్వదు. ఒక పక్క వెన్న మీద పుదీనా కొత్తిమీర పచ్చడి కూడా రాశాం, లేకపోతే అమ్మ వాటిని తిండి కింద ఒప్పుకోదు. పన్నెండు స్లైసులు, ఆరు శాండ్‌విచ్‌లు, ఒక్కోటి నాలుగు ముక్కలు. పైన తడిగుడ్డ.

తర్వాత టీ. ముందే పెట్టి ఫ్లాస్కులో పోస్తే గంటలో అది టీలా ఉండదు. కాబట్టి ఆ ఒక్కటీ అప్పటికప్పుడు కావాలి. టీ నాన్నకి అప్పగించాం. తనకి తను టీ పెట్టుకోవడం నాన్నకి తెలుసు. ఆరుగురికి పెట్టడం ఎప్పుడూ చెయ్యలేదు. అల్లం దంచి ముందు నీళ్లలో మరిగించాలని, పాలు తర్వాతే పొయ్యాలని, పచ్చి అల్లం పాలల్లో వేస్తే విరిగే ప్రమాదముందని అమ్మ రెండుసార్లు చెప్పింది. అల్లంలో పాల ప్రొటీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుందట, మరిగిస్తే దాని పని అయిపోతుందట. పంచదార గిన్నెలో వెయ్యకుండా విడిగా.

ఇంకొక లెక్క కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో పనిచేసే ఆవిడ రాదు. తోమే గిన్నెలన్నీ సోమవారం పొద్దున ఆవిడ ముందుకొస్తాయి. కాబట్టి మనిషికో ప్లేటు, ఒక చెంచా, ఒక కప్పు. నూనె బాండీ లేనేలేదు. సింపుల్ అనే మాట ఎవరి వైపు నుంచి అంటున్నామో, ఆ వరసలో చివరి మనిషిదాకా అడగాలి కదా.

నాలుగుంపావుకి అందరూ వచ్చారు. మొదటి పదిహేను నిమిషాల్లో అమ్మ మూడుసార్లు లేచింది. మంచినీళ్లకి ఒకసారి, ఫ్యాను పెంచడానికి ఒకసారి, మూడోసారి ఊరికే. సోఫా అంచు మీద, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. అప్పుడు పీఈటీ మేడమ్ చెక్క కొరుకుతూ అన్నారు. "మీ ఇంటికి ఎన్నిసార్లొచ్చానో లెక్కలేదు. నీ గొంతు ఎప్పుడూ వంటింట్లోంచే వినపడేది. ఇవాళ మనిషిని కూడా చూస్తున్నా." అందరూ నవ్వారు. అమ్మా నవ్వి, వెనక్కి జారబడింది. మళ్లీ లేవలేదు.

శాండ్‌విచ్‌ల గురించి ఎవరూ ఏమీ అనలేదు, ప్లేటు మాత్రం ఖాళీ అయింది. కబుర్లన్నీ స్కూళ్లవే. తెల్లారగట్ల మొదటి బస్సులు, ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగ్‌లు, ఎండల్లో స్పాట్ వాల్యుయేషన్‌లు, ఎలక్షన్ డ్యూటీల్లో బాత్రూం లేని పోలింగ్ బూత్‌లు. మధ్యలో లెక్కల మేడమ్ మామూలుగా ఒక మాటన్నారు. "ఆ రోజు ప్రమోషన్ తీసుకునుంటే ఈపాటికి హెడ్‌మిస్ట్రెస్‌గా దిగేదానివి."

ఏ ప్రమోషన్ అనడిగాను.

"అదొకటిలే" అంది అమ్మ. మిగతావాళ్లు ఊరుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ వచ్చిందట. పోస్టింగ్ ఎక్కడో దూరపు మండలంలో, రోజూ వెళ్లిరాలేనంత దూరంలో. వద్దని రాసిచ్చేసింది. ఎప్పుడంటే, నేను పదో తరగతిలో ఉన్న ఏడు.

నాన్న రెండో విడత టీ ట్రేతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకి తెలిసిన సంగతే. కప్పులు ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టి, "పంచదార విడిగా ఉందండీ" అని లోపలికి వెళ్లిపోయారు.

"అంతా నీకోసమే అనుకోకు" అంది అమ్మ నా మొహం చూసి. "సగం నీకోసం. సగం ల్యాబ్ కోసం. ఆరేళ్లు తిరిగి కట్టించుకున్నా దాన్ని. అక్కడికెళ్తే సంతకాలు పెట్టడం తప్ప ఏముంటుంది?" తర్వాత ఆ ల్యాబ్ గురించి, దాత దగ్గర అడిగి తెచ్చిన మైక్రోస్కోపుల గురించి, మొదటిసారి ఉల్లిపొర కణాల్ని చూసి గోడ చాటుకెళ్లి ఏడ్చిన ఒక పిల్ల గురించి చెప్పింది. అరగంటకి పైగా చెప్పింది. అంతసేపు అమ్మ తన గురించి మాట్లాడటం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఇవేవీ దాచిన సంగతులు కావు. చెప్పడానికి మా ఇంట్లో సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య ఆవిడకి కుర్చీ లేదు, అంతే.

మార్చిలో రెండోసారి హిందీ మేడమ్ ఇంట్లో కలిశారు. ఆ రాత్రి ఫోన్ చేసి, ఏం పెట్టారమ్మా అనడిగాను.

"మిరపకాయ బజ్జీలు. తనొక్కతే వంటింట్లో నిలబడి వేస్తానంది. మేం ఊరుకుంటామా? నలుగురం లోపలికే పోయాం. ఒకత్తి పిండి కలిపింది, ఒకత్తి ఉల్లిపాయలు తరిగింది. వాయి తీసినది తీసినట్టు అక్కడే నిలబడి తినేశాం. ముందుగదిలో వాళ్లాయనొక్కడే కూర్చున్నాడు పాపం, ఆయనకి పంపడం కూడా మర్చిపోయాం."

కాసేపు నవ్వి, "బజ్జీలు బాగా కుదిరాయే" అంది.